చిత్తూరు వకీలు, ఢిల్లీ కుర్చీ

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవు ముందుకొచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుళ్లు కురిపించి, ఊరు తేరుకునేలోగా చీకట్లో కలిసిపోయింది. జరిగిన నష్టం కంటే పుట్టిన దడ పెద్దది. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు. ఆ దెబ్బతో ‘ఎమ్డెన్’ అన్నది తమిళంలో వాడుక మాటైపోయింది. చేతికి చిక్కని గడుసువాణ్ణి, ఎంతకైనా తెగించేవాణ్ణి అలా అనడం అలవాటైంది. ఇరవై ఏళ్ల తర్వాత, ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు కొత్తగా ఎన్నికై వెళ్లిన ఒక చిత్తూరు వకీలుకు యూరోపియన్ల పత్రిక ఒకటి ఆ పేరే తగిలించింది. సభలో ఎమ్డెన్ అంది. ఆయన పేల్చినవి గుళ్లు కావు, ప్రశ్నలు.

ఆ వకీలు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. స్వతంత్ర భారత పార్లమెంటుకు రెండో స్పీకర్‌గానే ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో మిగిలింది. జనరల్ నాలెడ్జి పోటీల్లో ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా బతికి ఉంది. ఆ జవాబు తప్పు కాదు గానీ, దానివల్ల అసలు సంగతి మరుగున పడింది. నోటితో పేరు తెచ్చుకున్న మనిషి, నోరు కట్టేసుకోవాల్సిన కుర్చీలో ఎలా కూర్చున్నాడన్నదే ఆయన జీవితంలో ఆసక్తి కలిగించే ముడి.

1891 ఫిబ్రవరి 4న అలమేలుమంగ కొలువున్న తిరుచానూరులో, వైష్ణవ కుటుంబంలో పుట్టారు. తిరుపతి దేవస్థానం హైస్కూలు, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాల, ఆపైన లా కాలేజీ. 1913లో పట్టా చేతికొచ్చింది. కొన్నాళ్లు లెక్కల మాస్టారుగా పాఠాలు చెప్పారు. 1915లో నల్లకోటు వేసుకున్నారు.

ఆ రోజుల్లో చిత్తూరు ఎలాంటి ఊరో చెప్పుకోకపోతే ఆ కోటు విలువ తెలియదు. అంతకుముందు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రంగా ఉన్న చిత్తూరు, 1911 ఏప్రిల్ 1న తన పేరుతోనే జిల్లా అయింది. ఉత్తర ఆర్కాటు నుంచి చంద్రగిరి, పలమనేరు వంటి తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు, వాటితోపాటు శ్రీకాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీలు అన్నీ ఒక చోటికి చేరాయి. మూడు రకాల భూమి లెక్కలు, మూడు భాషలు, ఒక్క కలెక్టరు. జమీందారుకూ రైతుకూ శిస్తు తగాదాలు, చెరువు నీటి తగాదాలు, మఠం మాన్యాల తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు. అంతటికీ పైన తిరుమల కొండ ఉండనే ఉంది. 1843 నుంచి 1933 దాకా ఆలయ పెత్తనం హాథీరాంజీ మఠం మహంతులదే. ఆ తొంభై ఏళ్లలో కొండ తాలూకు దావాలతో ఎందరు వకీళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగిందో లెక్కకట్టడం కష్టం.

అలాంటి కోర్టులో వకీలు నేర్చుకునే మొదటి విద్య ఉపన్యాసం కాదు, క్రాస్ పరీక్ష. బోనులో సాక్షి తెలుగులోనో తమిళంలోనో ఉర్దూలోనో చెబుతాడు. గుమాస్తా దాన్ని ఇంగ్లీషులోకి మార్చి రాస్తాడు. ఆ రెంటి మధ్య జారిపోయే మాటను వకీలు పట్టుకోవాలి. “పొలానికి పడమటి గట్టు మీద ఏముంది?” అన్నట్టు ఏమీ ఎరగనివాడిలా మొదలుపెట్టాలి. చింతచెట్టు ఉందంటాడు సాక్షి. నాలుగు ప్రశ్నలు పోయాక, పక్క సర్వే నంబరు దస్తావేజు తీసి, అదే చింతచెట్టు తూర్పు హద్దుగా రాసి ఉందని చూపించాలి. అరవాల్సిన పనిలేదు, కాగితం జడ్జిగారి ముందు పెడితే చాలు. పెద్ద ప్రశ్న ఒక్కటి వేసేవాడికంటే చిన్న ప్రశ్నలు పది పేర్చేవాడే ఆ బోను ముందు నెగ్గుతాడు.

సహాయ నిరాకరణ రోజుల్లో 1921–22లో ఏడాదిపాటు ప్రాక్టీసు వదిలేసి, మళ్లీ కోర్టు మెట్లెక్కారు. ఆ వెనక్కి రావడాన్ని బలహీనతగా చూడనక్కర్లేదు. మోతీలాల్ నెహ్రూ వంటివారికే తప్పలేదు.

1934లో కాంగ్రెస్ కేంద్ర శాసనసభ ఎన్నికల్లో దిగినప్పుడు, దత్తమండలాలూ చిత్తూరూ కలిసిన స్థానం నుంచి అయ్యంగార్ గెలిచారు. ఇక్కడ చిన్న పక్కమాట. 1928లో నంద్యాల సభలో పెద్దలు ఈ ప్రాంతానికి రాయలసీమ అని గౌరవంగా పేరు పెట్టుకున్నారు. సర్కారు కాగితాలకు మాత్రం ఆరేళ్ల తర్వాత కూడా అది నిజాం ఇచ్చేసిన ‘సీడెడ్’ నేలే. ఓటు హక్కూ ఆస్తిపాస్తులున్న కొద్దిమందిదే.

ఆ సభకు ఉన్న అధికారం తక్కువ. 145 మంది సభ్యుల్లో 41 మంది సర్కారు నియమించినవారే. ఓటింగులో ఓడినా ప్రభుత్వం పడిపోదు. సభ కాదన్నదాన్ని వైస్రాయ్ ఒక సంతకంతో చట్టం చేసుకోగలడు. ఇలాంటి చోట ప్రతిపక్షం చేతిలో మిగిలేది ప్రశ్న ఒక్కటే. ముందుగా రాసిచ్చిన ప్రశ్నకు సర్కారు సభ్యుడు అచ్చువేసుకొచ్చిన జవాబు చదువుతాడు. అంతవరకూ ఆయనకు భయం లేదు. ఆ తర్వాతే అనుబంధ ప్రశ్నల వరస. వాటికి ముందస్తు నోటీసు ఉండదు. జవాబు చెప్పే పెద్దమనిషి వెనకనున్న అధికారుల నుంచి చీటీ అందేలోగా ఇంకో ప్రశ్న పడుతుంది. చిత్తూరు బోనులో పడమటి గట్టు గురించి అడిగినవాడికి ఇది కొత్త ఆటేం కాదు. మద్రాసు నుంచే వచ్చిన కాంగ్రెస్ సభ్యుడు సత్యమూర్తి వాగ్ధాటి ఒక పక్క, అయ్యంగార్ వెంటపడి అడిగే తీరు మరో పక్క. ప్రశ్నోత్తరాల గంట సర్కారుకు తలనొప్పిగా మారిందంటే ఆశ్చర్యం ఏముంది?

1940లో వ్యక్తి సత్యాగ్రహంలో జైలు. 1942లో మళ్లీ జైలు, బయటికి వచ్చింది 1944లో. తర్వాత రాజ్యాంగ సభ.

గాంధీజీ హత్య జరిగి రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే, 1948 ఏప్రిల్ 3న, రాజ్యాంగ సభ శాసన విభాగంలో ఒక తీర్మానం వచ్చింది. మతం, జాతి, కులం ఆధారంగా సభ్యులను చేర్చుకునే, వెలివేసే సంస్థలు తమ సమాజపు మత, సాంస్కృతిక, సామాజిక, విద్యా అవసరాలకు మించి మరే పనిలోనూ దిగకూడదని దాని సారాంశం. ప్రవేశపెట్టింది అనంతశయనం అయ్యంగార్. నెహ్రూ మద్దతిచ్చారు, సభ ఆమోదించింది. ఏడుకొండల నీడన పుట్టి, సంస్కృతం మీద చివరిదాకా మమకారం పెంచుకున్న వైష్ణవుడు, గుడినీ రాజకీయాన్నీ విడదీయాలని సభ చేత పలికించాడన్నమాట. ఇందులో వైరుధ్యం వెతికేవారు ఆ తరాన్ని సరిగ్గా చదవనట్టే. గుడి తన పరిధిలో పచ్చగా ఉండాలనుకునేవాడికి గుడిని ఓట్ల సంతలో నిలబెట్టడం నచ్చకపోవడం సహజమే. తీర్మానం మాత్రం ఆ రూపంలో చట్టం కాలేదు. మతం పేరుతో ఓట్లడగడం అక్రమమని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం అన్నది, అక్కడితో సరి.

ఆయన చేసిన పనులన్నిటిలోకీ పెద్దది ఏదంటే చాలామంది స్పీకర్ పదవినే చూపిస్తారు. కాదనిపిస్తుంది. 1950 ఏప్రిల్ 10న 25 మంది సభ్యులతో పార్లమెంటు అంచనాల కమిటీ ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు అయ్యంగారే. చిత్రంగా, వకీలు వృత్తికి ఆయన పూర్తిగా స్వస్తి చెప్పింది కూడా 1950లోనే. ఒక బోను వదిలి ఇంకో బోను ముందుకు మారారనుకోవచ్చు.

ఈ కమిటీ చేసే పని బయటికి కనిపించదు. గ్యాలరీలో జనం ఉండరు, మరుసటి రోజు పతాక శీర్షికలూ ఉండవు. మంత్రులకు సభ్యత్వం లేదు. ఒక మంత్రిత్వ శాఖను ఎంచుకుని, అది అడిగిన పద్దులు ముందు పెట్టుకుని, ఈ పనికి ఇంతమంది ఎందుకు, ఈ డిపో ఉండగా ఆ డిపో దేనికి, పోయినేడు ఖర్చుకాని సొమ్ము ఈ ఏడు మళ్లీ ఎందుకు అడుగుతున్నారని శాఖ కార్యదర్శులను కూర్చోబెట్టి అడుగుతారు. విధానం మంచిదా చెడ్డదా అన్నది సభ తేల్చుకుంటుంది. ఆ విధానానికి పెట్టే రూపాయి సక్రమంగా పడుతోందా అన్నది కమిటీ చూస్తుంది. బ్రిటిష్ కాలంలో సభ్యుడు అడిగితే చిరాకుపడిన ఐసీఎస్ అధికారులే ఇప్పుడు ఫైళ్లు చంకన పెట్టుకొచ్చి, అడిగినదానికి జవాబు చెప్పాల్సి వచ్చింది. అడిగేవాడు పాత ఎమ్డెనే. కాకపోతే గుళ్లు పేల్చి మాయమయ్యే తీరు ఇక్కడ పనికిరాదు. రోజుల తరబడి కూర్చోవాలి, ఒక అంకె వెనక ఇంకో అంకె తోడాలి, చివరకు అన్ని పార్టీల సభ్యులూ సంతకం పెట్టగల నివేదిక రాయాలి. లెక్కల మాస్టారు, క్రాస్ పరీక్ష వకీలు, ప్రశ్నల సభ్యుడు, ముగ్గురూ ఒకే మనిషిలో అక్కరకొచ్చిన చోటు ఇదొక్కటే. మన దేశంలో పార్లమెంటు కమిటీలంటే ఇలా పనిచేయాలన్న అలవాటు చాలావరకు ఆ తొలి ఏళ్లలోనే పడింది.

అదే కాలంలో ఆయన 1952 మే 30 నుంచి తొలి లోక్‌సభకు డిప్యూటీ స్పీకర్. తిరుపతి నుంచి ఎన్నికై వెళ్లారు. ఆ పదవి గురించి ఇప్పుడు మాట్లాడుకోవడానికి కారణం ఉంది. 2019లో మొదలైన 17వ లోక్‌సభ, ఐదేళ్లూ డిప్యూటీ స్పీకర్ లేకుండానే ముగిసిపోయింది. రాజ్యాంగం 93వ అధికరణం స్పీకర్‌నూ డిప్యూటీ స్పీకర్‌నూ వీలైనంత త్వరగా ఎన్నుకోమంది. గడువు మాత్రం రాయలేదు. ఆ ఖాళీని ఆసరా చేసుకున్నారు. కుర్చీ ఎవరికీ దక్కకపోతే ఏం నష్టమని అడిగేవారికి 1956 ఫిబ్రవరి 27 గుర్తుచేస్తే చాలు. ఆ రోజు తొలి స్పీకర్ మావలంకర్ కన్నుమూశారు. బడ్జెట్ సమావేశాలు జరిగే కాలం. సభ నడక ఆగలేదు. మార్చి 8న అయ్యంగార్ స్పీకర్‌గా ఎన్నికయ్యారు, అప్పటికే ఆ కుర్చీ ఆయనకు అలవాటైనదే.

ఇక మౌనం మొదలైంది. స్పీకర్ చర్చలో పాల్గొనడు. రెండు పక్కలా ఓట్లు సమానమైతే తప్ప ఓటు వేయడు. మరి సొంత జిల్లా సంగతే సభ ముందుకొస్తే? అదీ వచ్చింది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తగవును పటాస్కర్ మధ్యవర్తిత్వంతో తేల్చుకున్నాక, 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసుకు పోయింది, సత్యవేడు వైపు పల్లెలు ఇటు వచ్చాయి. ఆ రోజుల్లో లోక్‌సభ అధ్యక్ష స్థానం తిరుచానూరు మనిషిది. రాజ్యసభ అధ్యక్ష స్థానం తిరుత్తణిలో పుట్టి, తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌ది. తిరుత్తణి ఎటు పోవాలో తేల్చే చట్టం వచ్చిన వేళ, దాని మీద పెదవి విప్పే వీల్లేని ఇద్దరు ఈ గడ్డ మనుషులు రెండు సభలకూ పెద్దలుగా ఉన్నారు. నాటకం రాసేవాడైనా ఇంతగా కుదర్చడానికి జంకుతాడు.

ఎమ్డెన్‌కు మరో పరీక్ష 1957 డిసెంబరు 16న ఎదురైంది. జీవిత బీమా సంస్థ సొమ్మును ముంధ్రా కంపెనీల వాటాల్లో ఎందుకు పెట్టారని ఫిరోజ్ గాంధీ సభలో నిలదీశారు. అడిగింది అధికారపక్షం సభ్యుడు, ఇరుకున పడింది అధికారపక్షం మంత్రి. ఇరవై ఏళ్ల కిందట ఇలాంటి ప్రశ్నల కోసమే పేరుబడ్డ మనిషి ఇప్పుడు కుర్చీలో ఉన్నారు. ప్రశ్న నడిచింది. న్యాయమూర్తి చాగ్లా విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇందులో స్పీకర్ ఘనత ఎంతని తూకం వేయలేం. పాలకపక్షానికి ఇబ్బందని ప్రశ్న గొంతు నులిమేసిన కుర్చీలను ఆ తర్వాత చట్టసభల్లో చూశాం కాబట్టి, నులమకపోవడం కూడా పనేనని తెలిసింది.

కోర్టు నుంచి సభకు వచ్చిన వకీలు అయ్యంగార్ ఒక్కరే కాదు. అమెరికా తొలినాళ్ల నాయకుల్లోనూ వకీళ్లు చాలామందే. రూఫస్ కింగ్ వంటి వకీలు 1787లో రాజ్యాంగం మీద సంతకం పెట్టి, సెనేట్‌లో కూర్చుని, 1796లో లండన్‌కు రాయబారిగా వెళ్లిపోయారు. కోర్టు, చట్టసభ, రాయబారం అక్కడ ఒకే మెట్ల వరస. కొత్త దేశానికి ఒప్పందాలు కావాలి, ఒప్పందాలు రాయగలవారు వకీళ్లే. పరాయి పాలనలో మన వకీళ్లకు ఆ మూడో మెట్టు లేదు. ఏలూరు వకీలు కూర్మా వెంకటరెడ్డి నాయుడు మద్రాసులో మంత్రిపదవి చేసి, 1929 నుంచి 1932 దాకా దక్షిణాఫ్రికాలో భారత ఏజెంటుగా ఉన్నారు గానీ, ఆయన్ను పంపిందీ బ్రిటిష్ ప్రభుత్వమే. అయ్యంగార్ తరానికి రాయబారం చేసే చోటు సభలోనే దొరికింది.

రాయబారమంటే మన పల్లెల్లో గుర్తొచ్చేది తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకమే. (పేరులో తిరుపతి ఉన్నా ఆ కవులది ఈ తిరుపతి కాదు.) ఆ రాయబారం చెడింది. 1961 మేలో అయ్యంగార్ చేసింది మాత్రం ఫలించింది. వరకట్న నిషేధ బిల్లు మీద లోక్‌సభకూ రాజ్యసభకూ పొత్తు కుదరలేదు. పెళ్లిలో ఇచ్చే కానుక ఎక్కడ ఆగుతుంది, కట్నం ఎక్కడ మొదలవుతుందన్న దగ్గరే చిక్కు. మన ఇళ్లలో పెళ్లిమాటలకు కూర్చున్న ఏ పెద్దమనిషినడిగినా ఆ చిక్కు ఎంతటిదో చెబుతాడు. రాజ్యాంగం వచ్చాక మొదటిసారి ఉభయసభలూ ఒకచోట కూర్చున్నాయి. మే 6న, 9న జరిగిన ఆ సంయుక్త సమావేశానికి అధ్యక్షుడు లోక్‌సభ స్పీకరే. అంతకుముందు ఎవరూ నడిపి చూపించిన దాఖలా లేదు. బిల్లు గట్టెక్కింది. కట్నం ఆగలేదన్నది వేరే కథ. ఇలాంటి సమావేశం మళ్లీ 1978లో ఒకసారి, 2002లో ఒకసారి, అంతే.

అన్ని తీర్పులూ మెచ్చదగినవేనని కాదు. 1961 ఆగస్టు 29న బ్లిట్జ్ వారపత్రిక సంపాదకుడు ఆర్.కె. కరంజియాను లోక్‌సభ బోను దగ్గరికి పిలిపించారు. జె.బి. కృపలానీ మీద ఎగతాళిగా రాయించిన వ్యాసం సభాహక్కులకు భంగమని తేల్చి, స్పీకర్ కుర్చీలోంచి అయ్యంగార్ మందలింపు చదివారు. సంపాదకుడు నిలబడి విన్నాడు. ఆ దృశ్యం చూడడానికి గంభీరంగానే ఉండొచ్చు. ప్రశ్న పదునుతో పేరు తెచ్చుకున్న మనిషి కలం పదునును శిక్షించే చోట నిలవడం, సభే ఫిర్యాదుదారూ న్యాయమూర్తీ కావడం మాత్రం మింగుడుపడదు. చిత్తూరు మునసబు కోర్టులో ఏ వకీలూ ఆ ఏర్పాటును ఒప్పుకోడు. పార్లమెంటు హక్కులేమిటో ఒక చట్టంగా రాసుకోవాల్సిన పని అప్పుడూ జరగలేదు, ఇప్పటికీ జరగలేదు.

1962లో చిత్తూరు నుంచి మళ్లీ గెలిచారు. గెలిచిన కొద్ది వారాలకే ఆ స్థానం వదులుకుని, మే 12న బీహార్ గవర్నర్‌గా పాట్నా వెళ్లిపోయారు. 1966–67 కరవు, ఆ వెంటనే ఎన్నికల్లో కాంగ్రెస్ ఓటమి, 1967 మార్చి 5న మహామాయా ప్రసాద్ సిన్హా నాయకత్వంలో ఆ రాష్ట్రపు తొలి కాంగ్రెసేతర ప్రభుత్వం. ప్రమాణం చేయించింది జీవితమంతా కాంగ్రెస్‌లో గడిపిన గవర్నరే. ఆ డిసెంబరులో పదవి ముగిసింది. తిరుపతిలో 1961లో నెలకొన్న కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం వ్యవహారాలు చూస్తూ చివరి రోజులు గడిపారు. 1978 మార్చి 19న కన్నుమూశారు. ఆ విద్యాపీఠమే ఇప్పటి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం.

ఆయన ఖాళీ చేసిన చిత్తూరు సీటుకు 1962లోనే ఉపఎన్నిక జరిగింది. జిల్లాకు ఆరేళ్లుగా ఢిల్లీలో ఉన్నది, కుర్చీ కట్టుబాటు వల్ల జిల్లా తరఫున మాట్లాడలేని సభ్యుడు. కొత్తగా నిలబడింది తెనాలిలో ఓడి వచ్చిన గుంటూరు జిల్లా రైతు నాయకుడు, స్వతంత్ర పార్టీ అధ్యక్షుడు ఎన్.జి. రంగా. కేంద్ర శాసనసభలో అయ్యంగార్‌తో కలిసి బ్రిటిష్ సర్కారును ప్రశ్నలతో వేధించినవారే. కాంగ్రెస్ స్పీకర్‌ను పంపిన చిత్తూరు ఓటరు, ఈసారి రంగాను గెలిపించి కాంగ్రెస్‌కు ఎదురు బెంచీలో కూర్చోబెట్టాడు.